గుంటూరు మిర్చి లారీని బంగ్లాదేశ్ బోర్డర్ దాటించడం ఎలా?

"అన్నా, గుంటూరులో లోడ్ చేసిన లారీని నేరుగా ఢాకాలో దించొచ్చా?" మిర్చి సీజన్ మొదలైందంటే చాలు, వారానికి రెండు మూడుసార్లు ఈ ప్రశ్న వస్తుంది. దించలేరు. మన లారీ పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ గేటు దాటి, అవతల బెనాపోల్ యార్డు దాకానే పోతుంది. అక్కడ సరుకు దింపి ఖాళీగా తిరిగి రావాలి, ఢాకాకి తీసుకెళ్లేది బంగ్లాదేశ్ లారీ. ఒక దేశం బండ్లు ఇంకో దేశంలో తిరగడానికి బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ కలిసి 2015 జూన్‌లో థింపూలో సంతకాలైతే పెట్టాయి, భూటాన్ తర్వాత వెనక్కి తగ్గింది, ట్రయల్ రన్‌లు కూడా జరిగాయి, కానీ మన మిర్చి లారీకి మాత్రం ఇప్పటికీ బెనాపోలే ఆఖరి స్టాపు.

అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా. నా మొదటి లోడు బోర్డర్ దగ్గర 11 రోజులు ఆగింది. ఇన్‌వాయిస్‌లో 420 బస్తాలు, ప్యాకింగ్ లిస్టులో 402. టైప్ చేసింది నేనే, చూసుకోనిదీ నేనే. ఆ 11 రోజుల హాల్టింగ్‌తో (ఆగిన రోజులకు లారీకి కట్టే కిరాయితో) లోడు మీద లాభం మొత్తం పోయింది. ఈ పనిలో డబ్బులు పోయేది గేటు దగ్గర కట్టే ఫీజుల్లో కాదు, ఆగిన రోజుల్లో. కాబట్టి కాగితాలన్నీ సరిచూసుకున్నాకే లారీని గుంటూరు నుంచి కదపండి.

చేతిలో ఉండాల్సినవి

- ఐఈసీ, అంటే ఎగుమతి-దిగుమతి కోడ్. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) సైట్లో 500 రూపాయల ఫీజుతో వస్తుంది, మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య ఒకసారి లాగిన్ అయి, ఏ మార్పూ లేకపోయినా సరే, అప్‌డేట్ చేయాలి. మర్చిపోతే డీయాక్టివేట్ అవుతుంది, ఆ సంగతి మీకు షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) వేసే రోజు తెలుస్తుంది.
- జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఎల్‌యూటీ. ఎల్‌యూటీ (జీఎస్టీ పోర్టల్‌లో ఇచ్చే హామీ పత్రం) ఉంటే ఐజీఎస్టీ (ఎగుమతి మీద పడే జీఎస్టీ) కట్టకుండా ఎగుమతి చేయొచ్చు. అయితే అది ఆర్థిక సంవత్సరానికే పనిచేస్తుంది. మన సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకా, అంటే సరిగ్గా మధ్యలో మార్చి 31 వస్తుంది. ఏప్రిల్ 1న కొత్తది వేసుకోండి.
- స్పైసెస్ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా రిజిస్ట్రేషన్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్.
- ఏడీ కోడ్, అంటే ఎగుమతి డబ్బు వచ్చే మీ బ్యాంకు శాఖ నంబరు. బ్యాంకు లెటర్ ఇస్తుంది, దాన్ని కస్టమ్స్ వాళ్ల పోర్టల్ ఐస్‌గేట్‌లో పెట్రాపోల్‌కి రిజిస్టర్ చేయాలి. "నాకు వైజాగ్ పోర్టుకి ఉందిగా" అంటే కుదరదు.
- ఇద్దరు ఏజెంట్లు. పెట్రాపోల్‌లో మీ క్లియరింగ్ ఏజెంటు, బెనాపోల్‌లో కొనుగోలుదారు ఏజెంటు. ఇద్దరి నంబర్లూ మీ ఫోన్లో ఉండాలి, వాళ్లిద్దరూ ఒకరికొకరు తెలిసినవాళ్లయితే మరీ మంచిది.

ఇవన్నీ సమకూర్చుకునే ఓపిక మొదటిసారి లేకపోతే ఇంకో దారి ఉంది. ఇప్పటికే బంగ్లాదేశ్‌కి పంపుతున్న ఎగుమతిదారుకి సరుకు అమ్మేయండి. షరతులకు లోబడి 0.1 శాతం జీఎస్టీతో అమ్మొచ్చు, అతను 90 రోజుల్లోపు ఎగుమతి చేయాలి. లాభం తగ్గుతుంది, టెన్షన్ కూడా తగ్గుతుంది. మొదటి రెండు లోడ్లు అలా పంపించి, లారీ వెంట మీరు కూడా ఒకసారి పెట్రాపోల్ వెళ్లి చూసి రండి. నన్నడిగితే అంతకు మించిన ట్రైనింగ్ లేదు.

1. ముందు ఈ సరుకుకి ఈ గేటు తెరిచి ఉందో లేదో చూడండి

బోర్డర్ తెరిచి ఉండటం వేరు, మీ సరుకుకి తెరిచి ఉండటం వేరు. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం ఉల్లి ఎగుమతి ఆపేసినప్పుడు బోర్డర్ దాకా వెళ్లిన లారీలు వెళ్లినచోటే ఉండిపోయాయి, ఉల్లి లారీల్లోనే కుళ్లింది. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ మన నూలు దారం భూమార్గంలో రాకుండా ఆపింది. మరుసటి నెలలో మనవాళ్లు బంగ్లాదేశ్ రెడీమేడ్ బట్టలు ఈ గేట్ల నుంచి రాకుండా ఆపి, న్హావా శేవా, కోల్‌కతా ఓడరేవుల నుంచే రావాలన్నారు. గేటు అదే, రోడ్డు అదే, ఢిల్లీలోనో ఢాకాలోనో ఒక నోటిఫికేషన్ వస్తుంది, అంతే.

కాబట్టి మీ హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో ఒక్కో సరుకుకి ఉండే నంబరు) తీసుకుని డీజీఎఫ్‌టీ నోటిఫికేషన్లు మీరు చూడండి, అటువైపు రూలు కొనుగోలుదారు చేత చూపించండి, వాట్సాప్‌లో అయినా సరే రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఎండుమిర్చి కాయ 0904 21, కారం పొడి 0904 22. ఈ మొదటి 6 అంకెలే అన్ని దేశాల్లోనూ ఒకటి. ఆ తర్వాతవి మనవి మనకి, వాళ్లవి వాళ్లకి. వాళ్ల 8 అంకెల కోడ్‌ని మన షిప్పింగ్ బిల్లులో ఎక్కించడం కొత్తవాళ్లు చేసే తప్పు.

2. రేటు మాట్లాడేటప్పుడే ఎవరి ఖర్చు ఎక్కడిదాకానో తేల్చండి

"బెనాపోల్ డెలివరీ" అని నోటితో అనేసుకుని వదిలేస్తే గొడవే. అన్‌లోడింగ్ హమాలీ ఎవరిది, బెనాపోల్ యార్డు చార్జీ ఎవరిది, లారీ 3 రోజుల కంటే ఎక్కువ ఆగితే హాల్టింగ్ ఎవరిది, ఈ మూడూ రాసుకోండి. ఇన్సూరెన్స్ మామూలుగా అటువైపు పార్టీయే చేయించుకుంటాడు, కవర్ నోట్ కాపీ అడిగి తీసుకోండి.

3. ఎల్‌సీ డ్రాఫ్టు చదవండి, అక్షరం అక్షరం

అందరూ తొందరపడేది ఇక్కడే. బంగ్లాదేశ్ దిగుమతులు ఎక్కువగా ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తానని కొనుగోలుదారు బ్యాంకు రాసిచ్చే హామీ) మీదే నడుస్తాయి. ఎల్‌సీ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. బ్యాంకు మీ మిర్చిని చూడదు, కాగితాన్నే చూస్తుంది. కాగితంలో ఒక మాట తేడా వస్తే 'డిస్క్రెపెన్సీ' అంటుంది, అప్పుడు డబ్బులు ఇవ్వాలా వద్దా అన్నది కొనుగోలుదారు ఇష్టం. ఈలోపు గుంటూరులో రేటు పడిందనుకోండి, ఆ ఇష్టం ఎటు మొగ్గుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఎల్‌సీ ఖాయం కాకముందే డ్రాఫ్టు తెప్పించుకుని ఇవి చూడండి:

తూకం. మిర్చి దారిలో ఆరి తగ్గుతుంది. ఎల్‌సీ టన్నుల్లో ఉంటే, వేరే షరతు రాయనంతవరకు, 5 శాతం అటూ ఇటూ చెల్లుతుంది, కాకపోతే ఎల్‌సీ మొత్తానికి మించి డబ్బు రాదు. అదే "450 బస్తాలు" అని సంఖ్యలో రాశారో, ఒక్క బస్తా తగ్గినా తేడానే. పరిమాణం, మొత్తం రెండింటి ముందూ 'సుమారు' అన్న మాట పెట్టించుకుంటే 10 శాతం దాకా వెసులుబాటు.

సరుకు పేరు. తొడిమ తీసిందా, తొడిమతోనా, రకం తేజానా, 334నా, ఎల్‌సీలో ఎలా ఉంటే ఇన్‌వాయిస్‌లో అలాగే, స్పెల్లింగ్ తప్పుతో సహా. వాళ్లు తప్పు రాస్తే ఎల్‌సీని సవరించమనండి, మీరు మాత్రం మీ కాగితంలో సొంతంగా దిద్దకండి.

రవాణా పత్రం. లారీలో వెళ్లేదానికి ఓడ బిల్లు అడుగుతూ ఎల్‌సీ వస్తుంటుంది, ఎప్పటిదో ఫార్మాట్ కాపీ కొట్టి. లారీ రసీదు చెల్లుతుందని మార్పించుకోండి.

బస్తా మీద అచ్చు. బంగ్లాదేశ్ ఎల్‌సీల్లో తరచూ ఉండే షరతు ఇది: దిగుమతిదారు పేరు, చిరునామా, టిన్ నంబరు కనీసం 2 శాతం బస్తాల మీద చెరగని సిరాతో ఉండాలి. ఒకసారి నేను ఇది లోడింగ్ అయ్యాక చదివాను. రాత్రి తొమ్మిదింటికి కోల్డ్ స్టోరేజీ ముందు లారీ తాళ్లు విప్పించి, పైవరస టిక్కీలు (మిర్చి బస్తాలు) పది దింపించి, అట్టముక్కకి అక్షరాలు కోసి దాన్ని స్టెన్సిల్‌గా పెట్టి నల్ల సిరా పూయించాను. హమాలీలకు డబుల్ కూలి. ఇప్పుడు 10 కాదు, 30 బస్తాల మీద ముందే వేయిస్తాను.

ఇక సెలవులు. అటు బ్యాంకులకు శుక్రవారం, శనివారం సెలవు, మనకు ఆదివారం, రెండో, నాలుగో శనివారం. అంటే రెండువైపులా బ్యాంకులు పనిచేసేది సోమవారం నుంచి గురువారం దాకానే. పైగా వాళ్ల గడియారం మనకంటే అరగంట ముందు. గురువారం సాయంత్రం మీరు అడిగిన సవరణకు జవాబు సోమవారం దాకా రాదనే లెక్కేసుకోండి. ఈద్‌కి అటు, దుర్గాపూజకి ఇటు రోజుల తరబడి పని ఆగుతుంది, ఎల్‌సీ గడువు ఆ వారంలో పడకుండా చూసుకోండి.

అవతలి బ్యాంకు మీద నమ్మకం చాలకపోతే ఎల్‌సీని మన దేశంలోని బ్యాంకుతో కన్‌ఫర్మ్ చేయించమనండి (అప్పుడు ఆ బ్యాంకు కూడా హామీ ఇచ్చినట్టు), లేదా ఈసీజీసీ (ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ) కవర్ తీసుకోండి. ఖర్చే, కానీ నిద్ర పడుతుంది.

4. సరుకు సిద్ధం చేయండి

తాలు కాయ (రంగు పోయి తెల్లబడిన కాయ) ఏరించండి, తేమ చూడండి. యార్డులో చేత్తో నలిపి చెప్పే లెక్క ఇక్కడ సరిపోదు, మీటరు పెట్టాల్సిందే. 11 శాతం దాటితే వారం రోజులు పరదా కింద మగ్గిన కాయకి బూజు ఖాయం. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) టెస్టుకి స్పైసెస్ బోర్డు ల్యాబు గుంటూరులోనే ఉంది. మీ లోడుకి అది తప్పనిసరా కాదా అని వాళ్ల ఆఫీసులోనే అడగండి, తప్పనిసరి కాకపోయినా చేయించండి.

తర్వాత ఫ్యూమిగేషన్ (పురుగు చావడానికి విషవాయువు పట్టించడం), ఆపైన ప్లాంట్ క్వారంటైన్ వాళ్ల ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో పురుగు, తెగులు లేవన్న పత్రం). ఇక్కడ రెండు జాగ్రత్తలు. కొనుగోలుదారు దగ్గర వాళ్ల ప్లాంట్ క్వారంటైన్ ఇచ్చిన దిగుమతి పర్మిట్ ఉండాలి, దాని కాపీ ముందే తెప్పించుకోండి. రెండోది ప్రాణాలతో పని: ఫ్యూమిగేషన్ అయిన సరుకుని గాలి పోనిచ్చాకే లోడ్ చేయించండి, పరదా కింద దూరి పడుకోవద్దని డ్రైవర్‌కీ క్లీనర్‌కీ గట్టిగా చెప్పండి.

5. కాగితాలన్నీ ఒక టేబుల్ మీద పరచండి

ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, లారీ రసీదు, ఫైటో, ఫ్యూమిగేషన్, ఆరిజిన్ సర్టిఫికెట్, షిప్పింగ్ బిల్లు చెక్‌లిస్టు. సుంకంలో రాయితీ కోసం కొనుగోలుదారు సాఫ్టా (దక్షిణాసియా దేశాల వాణిజ్య ఒప్పందం) కింద ఆరిజిన్ సర్టిఫికెట్, అంటే సరుకు ఇండియాదేనన్న పత్రం, అడుగుతాడు, అది ఆన్‌లైన్‌లో ముందే అప్లై చేసుకోవాలి.

చెక్ చేసే పద్ధతి చెప్తా. ఒక మనిషి ఎల్‌సీ పట్టుకుని పైకి చదవాలి, ఇంకో మనిషి కాగితాల్లో వేలు పెట్టి చూడాలి. బస్తాలు, నికర బరువు, స్థూల బరువు, పేరు, తేదీలు. టైప్ చేసిన మనిషి చేత చెక్ చేయించకండి, తన తప్పు తనకి కనపడదు (నా 402 గుర్తుంది కదా).

6. లారీ, ఈ-వే బిల్లు

గుంటూరు నుంచి పెట్రాపోల్ సుమారు 1300 కిలోమీటర్లు. 16వ నంబరు హైవే మీద విశాఖ, భువనేశ్వర్, ఖరగ్‌పూర్ మీదుగా కోల్‌కతా దాకా సాఫీగానే పోతుంది, చివరి 80 కిలోమీటర్లే కష్టం. బారాసాత్ నుంచి బొంగావ్ దాకా జెస్సోర్ రోడ్డు ఇరుకు, రెండువైపులా వందేళ్లు దాటిన చెట్లు, వాటి కొమ్మలు. లోడు ఎత్తుగా కట్టిస్తే కొమ్మ తగిలి పరదా చిరుగుతుంది, అది మీకు తెలిసేది వాన పడ్డాక.

ఈ-వే బిల్లుకి (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే పత్రం) 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున 7 రోజుల గడువు వస్తుంది. ప్రయాణానికి సరిపోతుంది, కానీ బోర్డర్ ముందున్న బొంగావ్‌లో ఆగితే చాలదు. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు, ఫోన్లో అలారం పెట్టుకోండి. నింపేటప్పుడు కొనుగోలుదారు జీఎస్టీ నంబరు దగ్గర 'యూఆర్‌పీ' (జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి), రాష్ట్రం దగ్గర 'ఇతర దేశాలు', సరుకు చేరే చోటు దగ్గర మాత్రం పెట్రాపోల్ చిరునామా, అక్కడి పిన్ కోడ్. అక్కడ ఢాకా అని రాసి ఇబ్బంది పడ్డవాళ్లు నాకు తెలుసు.

లారీ ఓనరుతో కిరాయి మాట్లాడేటప్పుడే హాల్టింగ్ రోజుకి ఎంతో, ఎన్నో రోజు నుంచో తేల్చుకోండి. బోర్డర్ దాటిన అనుభవం ఉన్న డ్రైవర్‌నే అడగండి, రెండు వేలు ఎక్కువైనా పర్లేదు.

7. స్లాట్ బుక్ చేయండి

ఒకప్పుడు బొంగావ్ పార్కింగుల్లో వారాల తరబడి పడిగాపులే. 2022లో బెంగాల్ ప్రభుత్వం 'సువిధ' పోర్టల్ తెచ్చింది, లారీ నంబరు, డ్రైవర్ వివరాలిచ్చి, ఫీజు కట్టి స్లాట్ తీసుకోవాలి. ఏజెంటే చేసిపెడతాడు, రసీదు మీకు పంపమనండి. లారీ గుంటూరులో బయల్దేరిన రోజే స్లాట్ తీసుకోకండి, దారిలో టైరు పేలితే స్లాట్ పోతుంది. భువనేశ్వర్ దాటాక తేదీ ఖాయం చేసుకోవడం నా పద్ధతి.

8. గేటు దగ్గర

ఏజెంటు షిప్పింగ్ బిల్లు వేస్తాడు, లారీ ల్యాండ్ పోర్టు లోపలికి వెళ్తుంది, కస్టమ్స్ వాళ్లు చూడాలనుకుంటే చూస్తారు, ఆపైన లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (సరుకు దాటించొచ్చన్న కస్టమ్స్ అనుమతి) వస్తుంది. పెట్రాపోల్ ఇంటిగ్రేటెడ్ చెక్‌పోస్టు 2016లో వచ్చింది, 2024 అక్టోబరులో సరుకు లారీల కోసం 'మైత్రీ ద్వార్' అని కొత్త గేటు కూడా తెరిచారు. డ్రైవర్ 'కార్‌పాస్' (లారీ, డ్రైవర్ బోర్డర్ దాటడానికి ఇచ్చే పాసు) మీద అవతలికి వెళ్తాడు, లైసెన్సు, ఆధార్ ఒరిజినల్స్ దగ్గరుండాలి. అసలు ఆలస్యం బెనాపోల్‌లో. యార్డులో చోటు లేకపోతే మన లారీ సరుకుతోనే అక్కడ నిలబడుతుంది. అందుకే లారీ గేటు దాటకముందే అవతలి ఏజెంటుకి కాగితాల స్కాన్ కాపీలన్నీ చేరాలి, వాళ్ల దిగుమతి బిల్లు పని మొదలైందని మీకు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ రాకుండా లారీని పంపకండి, ఇటువైపు ఆగితే కనీసం సరుకు మీ చేతిలో ఉంటుంది.

అన్‌లోడ్ అయ్యాక బస్తాల లెక్కతో ఉన్న స్లిప్ ఫొటో డ్రైవర్ చేత అక్కడికక్కడే తీయించండి, ఇవతలికి రాగానే పంపమనండి. తడి బస్తాలుంటే వాటివి కూడా.

9. పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

లారీ తిరిగొస్తే పని అయిపోయినట్టు కాదు. ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే షిప్‌మెంట్ తేదీ నుంచి 21 రోజుల్లోపు, ఎల్‌సీ గడువు దాటకుండా, కాగితాలు బ్యాంకులో పడాలి. 21 ఉన్నాయి కదా అని 20వ రోజు వెళ్లకండి, తప్పు దొరికితే దిద్దుకోవడానికి రోజులు కావాలి.

వారం తర్వాత ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు స్టేటస్ చూడండి. లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ తేదీతో పాటు ఈజీఎం (సరుకు దేశం దాటిందన్న నమోదు) నంబరు కూడా కనపడాలి. అది లేకపోతే కంప్యూటర్ లెక్కలో మీ మిర్చి ఇంకా ఇండియాలోనే ఉంది. ఎల్‌యూటీ కాకుండా ఐజీఎస్టీ కట్టి పంపిన వాళ్లకు 'ఎస్‌బీ002' అని కనిపిస్తే ఈజీఎం ఎక్కలేదని, 'ఎస్‌బీ005' అంటే జీఎస్టీఆర్-1లో (అమ్మకాల జీఎస్టీ రిటర్నులో) ఇన్‌వాయిస్ నంబరు షిప్పింగ్ బిల్లుతో కలవలేదని అర్థం. రెండోది చాలాసార్లు ఒక అడ్డగీతో, ఒక సున్నానో తేడా, అంతే. డబ్బు పడ్డాక ఈ-బీఆర్‌సీ (ఎగుమతి డబ్బు వచ్చిందన్న పత్రం) తయారైందో లేదో చూసుకున్నాకే ఆ ఫైలు మూయండి.

లారీ వద్దనుకుంటే

పెట్రాపోల్ బాగా రద్దీగా ఉంటే ఘోజాడంగా–భోమ్రా గేటు చూడొచ్చు, కానీ ఎల్‌సీలో బెనాపోల్ అని ఉంటే సవరణ లేకుండా మార్చకండి. పెద్ద మొత్తమైతే రైలు. 2020లో కరోనా వల్ల రోడ్డు దారి దెబ్బతిన్నప్పుడు, జులైలో గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కి 16 పార్సిల్ వ్యాన్లతో ఎండుమిర్చి స్పెషల్ రైలు వెళ్లింది. అప్పటి లెక్కలో టన్నుకి రోడ్డు మీద 7,000 రూపాయలైతే రైల్లో 4,608. గూడ్సు రైలంటే ఒకేసారి 1500 టన్నులకు పైగా కావాలి, పార్సిల్ రైలు 500 టన్నుల లోపు నడుస్తుంది కాబట్టి నలుగురైదుగురు వ్యాపారులు కలిస్తే మాట్లాడుకోవచ్చు. ఒక్క లారీ సరుకున్న వాళ్లకి మాత్రం లారీయే.

వానాకాలంలో కోల్డ్ స్టోరేజీ సరుకు పంపేవాళ్లు పరదాలు రెండు వేయించండి. బెనాపోల్‌లో షెడ్డు దొరక్కపోతే బయటే ఉండాలి, అక్కడ జులై వాన మన వానలా ఒక గంట కొట్టి పోదు. చల్లటి గదిలోంచి తీసిన టిక్కీలను కూడా వెంటనే కట్టేయకండి, పైన పట్టిన చెమ్మ ఆరేదాకా ఒక పూట ఆగి లోడ్ చేయండి.